ముందు ఆ జవాబు పత్రం తెప్పించుకోండి

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. పైపుల రోడ్డులో టిఫిన్ బండి నడుపుకుంటున్నాము. మా పాప దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. ఆ బడి కమిటీలో నేనూ సభ్యురాలిని. మొన్న తల్లిదండ్రుల సమావేశంలో పరీక్షల ఫలితాలు చదివి వినిపించారు. నిరుడు మూడో తరగతి సగటు 61 శాతం ఉంటే ఈసారి 44కు పడిపోయిందట. తరగతిలో ఉన్నది 18 మంది. పరీక్షల రోజుల్లో ముగ్గురు రాలేదు. మా పాపకు లెక్కల్లో 50కి 19, తెలుగులో 27 వచ్చాయి. సమావేశంలో కొందరు టీచరుగారి మీద గట్టిగా అరిచారు. మూడు కుటుంబాల వాళ్ళు టీసీ తీసుకుని పిల్లలను ప్రైవేటు బడిలో వేస్తామంటున్నారు. నెల రోజులు సాయంత్రం పూట బిట్ పేపర్లు చేయిస్తే మార్కులు అవే పెరుగుతాయని ఒకాయన అన్నారు. దేశమంతటా జరిపిన సర్వేలోనూ మూడో తరగతి పిల్లలకు లెక్కలు రావడం లేదని తేలిందట. మా ఆయన అప్పు చేసైనా బడి మారుద్దామంటున్నారు. టీచరుగారు మంచివారు, ఆవిడంటే పాపకు ఇష్టం. కానీ మార్కులు చూస్తే భయం వేస్తోంది. నేను ఏడో తరగతి వరకే చదివాను. బడి మార్చాలా? ట్యూషన్ పెట్టించాలా? కమిటీలో నేను ఏమని మాట్లాడాలి?

— ఒక తల్లి, విజయవాడ

సమాధానం:

అమ్మా,

ఏడాది మధ్యలో బడి మార్చకండి. అప్పు అసలే చేయకండి. ట్యూషన్ మాట రెండు నెలలు పక్కన పెట్టండి. రేపు బడి వదిలాక టీచరుగారి దగ్గరికి వెళ్ళి, పాప లెక్కల జవాబు పత్రం ఒకసారి చూపించమని అడగండి. మీరు ఎంత చదువుకున్నారన్నది అక్కడ అడ్డు రాదు. రోజూ వందమందికి చిల్లర లెక్క చూసి ఇచ్చే మనిషికి మూడో తరగతి తీసివేత అర్థం కాకుండా పోదు.

జవాబు పత్రం మీద ఎందుకు ఇంత పట్టుదల అంటారా? గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక బడుల్లో పనిచేశాను. మొదటి పదేళ్ళు పేపర్లు దిద్దడం, మార్కులు రిజిస్టరులో ఎక్కించడం, కట్ట కట్టి బీరువాలో పెట్టడం, అంతవరకే చేశాను. ఒక ఏడాది మూడో తరగతి అమ్మాయి ఒకతి తీసివేతలు నాలుగూ తప్పు చేసింది. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాసింది. 61లోంచి 38 తీసేస్తే 37. 40లోంచి 16 తీసేస్తే 36. 73లోంచి 45 తీసేస్తే 32. నాలుగింటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. పిల్లకు తీసివేతలు రావని తీర్మానించేశాను.

మధ్యాహ్న భోజనం తర్వాత ఎందుకో ఆ పిల్లను వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, ఈ లెక్క ఎలా చేశావో చెప్పమ్మా అని అడిగాను. ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది. "రెండులోంచి ఏడు పోదు కదండీ. అందుకని ఏడులోంచి రెండు తీశాను. ఐదు. ఇటుపక్క ఐదులోంచి రెండు తీశాను. మూడు" అంది. మళ్ళీ ఆ నాలుగు లెక్కలూ చూడండి. ఒక్కటి కూడా ఊహించి రాసింది లేదు. ఏ వరుసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని తనకు తాను ఒక పద్ధతి పెట్టుకుంది. దాన్ని నాలుగు చోట్లా తు.చ. తప్పకుండా పాటించింది. చిన్న అంకెల తీసివేత ఆ పిల్లకు బాగా వచ్చు. రానిది ఒక్కటే, పదిని విడగొట్టి ఒకట్లలో కలుపుకోవడం. ఆ ఒక్కటి రాకపోవడం వల్ల పోయినవి పన్నెండు మార్కులు. నాలుగు రకాల తెలివితక్కువతనం అని నేను లెక్క వేసుకున్నది నిజానికి ఒకే ఒక్క మెట్టు దగ్గర ఆగిపోవడం.

మీ పాప 19 మార్కుల వెనక కూడా ఇలాంటివి రెండో మూడో ఉంటాయి, పది ఉండవు. నాకు తెలిసినంతలో మూడో తరగతిలో పిల్లలు ఆగిపోయే చోట్లు కొద్దే. ఒకటి ఇప్పుడు చెప్పిన తీసివేత. రెండోది స్థాన విలువ. నూట ఐదు రాయమంటే 1005 అని, రెండు వందల ముప్పై రాయమంటే 20030 అని రాస్తారు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాస్తారు, వంద పక్కన ఐదు, రెండు వందల పక్కన ముప్పై. మూడోది, లెక్క వచ్చినా ప్రశ్న చదవలేకపోవడం. ఇది అన్నిటికన్నా ఎక్కువ, అన్నిటికన్నా తక్కువ మంది గమనించేది. జవాబు పత్రం చేతికి వచ్చాక తప్పులను ఈ మూడు కుప్పలుగా విడదీయండి. టీచరుగారితో కలిసి చేస్తే పావుగంట పని.

ప్రశ్న చదవలేకపోతోందా అన్నది తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. మాటలతో ఇచ్చిన లెక్క ఏదైనా తీసుకోండి. బుట్టలో 35 మామిడికాయలు ఉన్నాయి, 12 అమ్మారు, ఎన్ని మిగిలాయి, ఇలాంటిది. ముందు పాపనే చదివి చేయమనండి. చేయలేకపోతే మీరు చదివి వినిపించండి. వినగానే నోటితో జవాబు చెప్పేస్తే లెక్కలకు ట్యూషన్ పెట్టించడం శుద్ధ దండగ. ఆ పిల్లకు కావలసింది తెలుగు చదవడం. మన రాష్ట్రంలో 2020 నుంచి పాఠ్యపుస్తకాలు ఒకవైపు తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా వస్తున్నాయి. పాప ప్రశ్నను ఇంగ్లీషులో చదివి తికమకపడిందేమో కూడా అడగండి. అలా అయితే ముందు తెలుగు పేజీ మీద వేలు పెట్టి చదివించండి, ఆ తర్వాతే ఎదుటి పేజీ.

తెలుగులో 27 అన్నారు. గుణింతాలు వచ్చి ఒత్తుల దగ్గర ఆగిన పిల్లలకు సరిగ్గా ఆ చుట్టుపక్కలే వస్తాయి. చూడకుండా నిర్ధారించి చెప్పడం లేదు, మీరే పరీక్షించుకోవచ్చు. రెండో తరగతి తెలుగు వాచకం తెప్పించి, పాప ఇదివరకు చదవని పేజీ ఒకటి తెరిచి చదివించండి. కంఠతా వచ్చిన పాఠం పెట్టకండి, అది చదివినట్టే వినిపిస్తుంది గానీ చదవడం కాదు. కథ సాఫీగా చదివి, ఏం జరిగిందో తన మాటల్లో చెప్పగలిగితే చదువు వచ్చినట్టే. కూడబలుక్కుంటే ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు ఇవ్వండి. అక్కడా తడబడితే విడి మాటలు. అవీ రాకపోతే అక్షరాలు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేస్తున్న సర్వేలో వాడేది ఈ నిచ్చెననే. అక్షరం, మాట, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలే పడుతుంది. మూడు గంటల పరీక్ష చెప్పలేనిది అది చెబుతుంది.

మూడో తరగతి చివరికి నిమిషానికి 60 పదాలు చదవాలని ఎవరైనా చెబితే గడియారం పట్టుకుని కూర్చోకండి. ఆ లెక్క కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలోది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తి చేసే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, 9999 వరకు సంఖ్యలు చదివి రాయాలి అన్నది దాని లక్ష్యం. లక్ష్యం మంచిదే. అయితే తెలుగులో మాట మాటకు అతుక్కుంటుంది. "చదువుకోవాలనుకుంటున్నానని" అన్నది మనకు ఒకే మాట. ఇంగ్లీషులో అది అయిదారు మాటలవుతుంది. 2022లో మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించి చేసిన జాతీయ అధ్యయనంలో కూడా అందుకే ఏ భాష కొలతలు ఆ భాషకు వేరుగా పెట్టుకున్నారు. పిల్ల చదివేటప్పుడు వేగం చూడకండి. చదివినదానికి నవ్విందా, ఆ తర్వాత ఏమైందని పేజీ తిప్పిందా, అది చూడండి.

ఇక ఆ 61, 44 గొడవ. తరగతిలో 18 మంది ఉంటే ఒక్కొక్కరి మీద సగటులో అయిదున్నర శాతం ఆధారపడి ఉంటుంది. ముగ్గురు రాలేదని రాశారు. వాళ్ళకు సున్నా వేసి 18తో భాగించారా, లేక రాసిన 15 మందికే సగటు కట్టారా? ఇది తప్పకుండా అడగండి. సున్నాలు కలిపి 44 వచ్చి ఉంటే, పరీక్ష రాసిన పిల్లల సగటు 53కు దగ్గరగా ఉంటుంది. టీచరుగారి మీద అరిచిన పెద్దమనుషులు అరవడానికి ముందు ఈ భాగహారం చేసి ఉండవలసింది. పైగా నిరుటి మూడో తరగతి వేరు, ఈ మూడో తరగతి వేరు. నిరుటి పిల్లలకు వచ్చిన మార్కులతో ఈ పిల్లల మార్కులు పోల్చి, బడి కిందికి జారిపోయిందని అనడానికి లేదు. ఈ పిల్లలే నిరుడు ఎక్కడ ఉన్నారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని చూడాలి.

నిరుడు అనగానే ఇంకొకటి గుర్తుకు వస్తోంది. మీకు నేను చెప్పాలా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ఈ పిల్లలు రెండో తరగతిలో ఉన్నారు. నీళ్ళు రోజుల తరబడి వీధుల్లోంచి పోలేదు. ఇళ్ళలో బియ్యం, బట్టలతోపాటు పుస్తకాల సంచులూ నానిపోయాయి. బడి తెరిచాక కూడా ఇల్లు కడుక్కోవడం, బంధువుల ఇళ్ళ నుంచి తిరిగి రావడం, కొత్త పుస్తకాల కోసం ఎదురుచూడడం. ఒత్తులు గట్టిపడవలసిందీ, పదిని విడగొట్టే తీసివేతలు నేర్చుకోవలసిందీ రెండో తరగతిలోనే. నిరుటి మూడో తరగతి వాళ్ళకూ ఆ వరదలో రోజులు పోయాయి, కాదనను. కానీ వాళ్ళు అప్పటికే రెండో తరగతి సజావుగా దాటేశారు. ఈ పిల్లలకు పునాది వేసే ఏడాదిలోనే నీళ్ళు వచ్చాయి. తప్పు ఎవరిదని వెతికే ముందు, ఆ ఏడాదిలో పోయిన పాఠాలను ఎవరైనా కూర్చోబెట్టి మళ్ళీ చెప్పారా అన్నది అడగవలసిన ప్రశ్న. దాన్ని కమిటీలో మీరే అడగండి.

మీరు విన్న సర్వే 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అయి ఉంటుంది. 3, 6, 9 తరగతుల్లో, దేశమంతటా ఎంపిక చేసిన 74 వేలకు పైగా బడుల్లో, 21 లక్షల మందికి పైగా పిల్లలు రాశారు. మూడో తరగతి పిల్లల్లో 99 వరకు సంఖ్యలను ఎక్కువ తక్కువ వరుసలో పేర్చగలిగినవారు 55 శాతం. రెండంకెల కూడికలు, తీసివేతలు చేయగలిగినవారు 58 శాతం. మీ పాప తడబడుతున్న చోటే దేశంలో పదిమందిలో నలుగురు తడబడుతున్నారు. దీన్ని ఓదార్పుగా చెప్పడం లేదు, నాకు అది చాలా బాధ కలిగించే లెక్క. పాప బుర్రలో ఏదో లోపం ఉందన్న అనుమానం మీకు గానీ మీవారికి గానీ ఏ మూలనైనా ఉంటే దాన్ని తుడిచేయడానికి చెబుతున్నాను. అయితే ఆ సర్వే పని వేరు. రాష్ట్రం ఎలా ఉంది, జిల్లా ఎలా ఉంది అని చెప్పడానికి అది చేస్తారు. అందులో ఏ పిల్లకూ విడిగా మార్కు ఉండదు. దాన్ని చూపించి మీ బడినో, మీ టీచరునో నిలదీయడం తగదు.

బిట్ పేపర్ల సలహా ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. అయినా వద్దని గట్టిగా చెబుతున్నాను. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు ఇరవై ఇస్తే, ఏమీ రాని పిల్ల కళ్ళు మూసుకుని గుర్తు పెట్టినా సగటున అయిదు వస్తాయి. నెల రోజులు అలవాటు చేయిస్తే ఏడో ఎనిమిదో వస్తాయి. ఇంట్లో పండగ చేసుకుంటారు. 52లోంచి 27 తీయడం మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. నాలుగో తరగతిలో పెద్ద సంఖ్యలూ భాగహారాలూ వచ్చినప్పుడు అదే గుంతలో మళ్ళీ పడుతుంది, ఈసారి లోతు ఎక్కువ.

పరీక్ష పద్ధతి అలవాటు కావడం మాత్రం అవసరమే. మా బడిలో ఒక అబ్బాయికి ఓఎంఆర్ షీటులో, అంటే జవాబులకు గడులు నింపే కాగితంలో, 20కి 7 వచ్చాయి. చురుకైన పిల్లవాడు, నాకు నమ్మకం కుదరలేదు. ప్రశ్నలు నోటితో అడిగితే పదహారు సరిగ్గా చెప్పాడు. షీటు తీసి చూస్తే సంగతి తెలిసింది. ఆరో ప్రశ్న తెలియక వదిలేశాడు, కానీ ఆరో గడి వదల్లేదు. ఏడో ప్రశ్న జవాబు ఆరో గడిలో, ఎనిమిదోది ఏడో గడిలో, చివరిదాకా అదే వరుస. మొదటి అయిదూ సరైనవి, తర్వాత రెండు కాకతాళీయంగా కలిసినవి. ఆ ఏడూ తప్ప ఆ పిల్లవాడి తెలివి అంతా ఒక గడి పైకి జరిగిపోయింది. కాబట్టి పరీక్షకు ముందు ఒకటి రెండు సార్లు పెన్సిలుతో గడులు నింపడం, వదిలిన ప్రశ్నకు గడి వదలడం నేర్పితే చాలు. అంతకు మించి దాని మీద ఒక్క సాయంత్రం కూడా ఖర్చు పెట్టకండి.

దీనికి దగ్గరలోనే ఇంకో తప్పు జరుగుతుంది, చెప్పకపోతే నాకు మనసొప్పదు. బడి సగటు పెంచాలన్న ఒత్తిడి పెరిగితే, చదువులో వెనకబడిన పిల్లలను పరీక్ష రోజున ఇంటి దగ్గర ఉండమని చెప్పే పరిస్థితి వస్తుంది. నేను పనిచేసిన ఒక బడిలో తనిఖీ రోజున అలా ఇద్దరిని పంపేశారు. నేను చూశాను, నోరు మెదపలేదు. గేటు దగ్గర ఆ పిల్లలు సంచులు భుజాన వేసుకుని వెనక్కి చూస్తూ వెళ్ళడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. మీ తరగతిలో ఆ ముగ్గురు ఎందుకు రాలేదో కనుక్కోండి. జ్వరమైతే సరే. మరేదైనా అయితే కమిటీ సభ్యురాలిగా ముందు ఆ ముగ్గురి ఇళ్ళకు వెళ్ళండి, సగటు సంగతి తర్వాత.

కమిటీ అన్నది మీరు అనుకుంటున్నంత చిన్నది కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఏడో తరగతి చదివిన తల్లికి అక్కడ మాట్లాడే హక్కు ఎవరో దయతో ఇచ్చింది కాదు. ఈసారి సమావేశంలో పిల్లల పేర్లు, మార్కులు చదవవద్దని ముందుగా కోరండి. దాని బదులు ఏ ప్రశ్నను ఎంతమంది తప్పు చేశారో ఒక కాగితం మీద రాసి తెమ్మనండి. 15 మందిలో 13 మంది ఒకే తీసివేత తప్పు చేసి ఉంటే అది ఇళ్ళలో సరిచేయగలిగేది కాదు, తరగతిలో మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసినది. ఇద్దరే చేసి ఉంటే ఆ ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత, ఒక్క టీచరు ఎన్ని తరగతులు చూస్తున్నారో అడగండి. అదే చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లే. అంటే అయిదు తరగతులకు ఇద్దరు. ఒక వైపు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ, మరో వైపు మూడో తరగతికి తీసివేతలు చెప్పడం ఎలా ఉంటుందో అరిచిన వారిలో ఎవరైనా ఒక్క రోజు బడిలో కూర్చుని చూస్తే బాగుంటుంది. మీ బడి పరిస్థితి అదే అయితే టీచరుగారి వైపు నిలబడి, కమిటీ తరఫున మండల విద్యాధికారికి ఒక అర్జీ రాయండి. వరదలో పోయిన పాఠాల సంగతి కూడా అందులో రాయండి. సంతకాలు తల్లులవి ఎక్కువ ఉండేలా చూడండి.

టీచరుగారు ఒప్పుకుంటే ఇంకొకటి మొదలుపెట్టవచ్చు. రోజూ ఒక గంట మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టడం. మాటలు చదివేవాళ్ళు ఒక చోట, కథ చదివేవాళ్ళు ఒక చోట. ప్రథమ్ వాళ్ళు ఎన్నో రాష్ట్రాల్లో చేసి చూపిన పద్ధతి ఇది. ఫలితాలను శాస్త్రీయంగా కొలిచి చూసిన పరిశోధనల్లోనూ మంచి పేరు తెచ్చుకుంది. నేను నా సర్వీసు చివరి ఆరేళ్ళు చేశాను. అయిదో తరగతి పిల్లవాడు మూడో తరగతి వాళ్ళ పక్కన కూర్చోవడానికి మొదటి వారం సిగ్గుపడ్డాడు. రెండో వారానికి ఆ సిగ్గు మాయమైంది, ఎందుకంటే అక్కడ చెప్పేది మొదటిసారి వాడికి అర్థమైంది.

మీవారి మాటకు వద్దాం. అప్పు చేసైనా అని ఆయన అన్నది పిల్ల మీద ప్రేమతోనే, అది గుర్తు పెట్టుకుని మాట్లాడండి. బడి మార్చే హక్కు మీకుంది, టీసీ ఆపడానికి ఎవరికీ వీల్లేదు. వేసవిలో మార్చాలనిపిస్తే అప్పుడు చూడండి. ఆ బడికి వెళ్ళినప్పుడు వాళ్ళ పిల్లలకు 90లు వచ్చాయన్న కాగితం చూపిస్తే పక్కన పెట్టేయండి. వాళ్ళ పేపరు వాళ్ళే తయారుచేసి, వాళ్ళే దిద్దుకున్న మార్కులవి. మీ బడి మార్కులతో పోల్చడానికి కుదరదు. మూడో తరగతి పిల్లను ఒకరిని పిలిచి, ఎప్పుడూ చూడని పేజీ ఒకటి చదివించమని అడగండి. చదువు రాని పిల్ల చేరితే ఎవరు, ఏ గంటలో కూర్చోబెట్టి చెబుతారో అడగండి. జవాబు తడబడితే ఆ ఫీజు దేనికి కడుతున్నారో మీకే తెలుస్తుంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లు మన రాష్ట్రంలో ఒకటో తరగతిలో చేరేవారికి ఇస్తున్నారు. మూడో తరగతి పాపకు అవి పనికిరావు. ఇంట్లో చిన్న పిల్ల ఉంటే మాత్రం గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న విషయం. పాపను ఒక కన్ను మూసి, రోడ్డు అవతలి బోర్డు చదవమనండి, తర్వాత రెండో కన్ను. నల్లబల్ల కనిపించక ఏళ్ళ తరబడి మొద్దు అనిపించుకున్న పిల్లలను చూశాను. కళ్ళజోడు పెట్టిన నెలకు ముందు బల్లలో కూర్చున్నవాళ్ళతో సమానంగా రాశారు.

ఇంటి దగ్గర చేయవలసింది మీ బండి మీదే ఉంది. పైపుల రోడ్డు పొడవునా బోర్డులే కదా. బ్రదర్స్, స్వీట్స్, క్లాత్, మెడికల్స్, ఎక్కడ చూసినా ఒత్తులే. బడికి నడిపించుకుని వెళ్ళేటప్పుడు రోజుకు నాలుగు బోర్డులు చదివించండి. ఇడ్లీ పొట్లాలు కట్టే పాత పేపర్లలో పెద్ద అక్షరాల శీర్షిక ఒకటి చింపి ఇవ్వండి. తప్పు చదివితే వెంటనే దిద్దకుండా వాక్యం చివరిదాకా పోనివ్వండి. చాలాసార్లు అర్థం కుదరక వాళ్ళే వెనక్కి వచ్చి సరిచేసుకుంటారు.

తీసివేతకు మీ గల్లాపెట్టె చాలు. మన బడుల్లో పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం అని చెప్పేవాళ్ళం, నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. ఒక పిల్ల మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తామండీ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది అప్పు కాదు, చిల్లర మార్చడం. మీరు రోజూ చేసే పని.

ఈ రాత్రి బండి కట్టేశాక, లెక్క చూసుకునేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. పరీక్షల మాట ఎత్తకండి. పది రూపాయల నోట్లు అయిదు, రూపాయి బిళ్ళలు రెండు చేతిలో పెట్టి, పాలవాడికి 27 ఇవ్వాలమ్మా, ఇచ్చెయ్ అనండి. రెండు నోట్లు తీస్తుంది. ఏడు బిళ్ళలు కావాలి, ఉన్నవి రెండే. అక్కడ ఆగుతుంది. మీరు ఏమీ చెప్పకండి, ఎంతసేపైనా సరే. కాసేపటికి ఒక నోటు మీ వైపు చాపి చిల్లర అడుగుతుంది. పది బిళ్ళలు లెక్కపెట్టి ఇవ్వండి. ఇప్పుడు తన దగ్గర నాలుగు నోట్లు, పన్నెండు బిళ్ళలు. ఏడు బిళ్ళలు, రెండు నోట్లు ఇచ్చేశాక మిగిలింది లెక్కపెట్టమనండి. తర్వాత అదే లెక్కను కాగితం మీద 52 కింద 27 వేసి, తను చేసిన ఒక్కో పనినీ ఒక్కో అంకె పక్కన రాయించండి. వారం రోజులు నోట్లు, బిళ్ళలు మార్చి మార్చి ఇవ్వండి. ఎనిమిదో రోజు బిళ్ళలు లేకుండా కాగితం మీద ఒక్క లెక్క ఇచ్చి చూడండి, ఆ కాగితాన్ని నాకు పంపండి. తప్పు చేసినా సరే, దిద్దకుండా పంపండి.